ఇల్లు కట్టువారు కాదన్న పాట

శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు, తొలి మిషనరీ దొరలను గూర్చియో, మన దేవాలయముల నిర్మాణమును గూర్చియో వ్రాయవలెనని మొదట తలంచితిని. ఆ చరిత్రను నాకంటె బాగుగా ఎరిగినవారు మనలో అనేకులున్నారు. అందుచేత నేను లారీ నార్మన్ అను ఒక అమెరికా గాయకుని గూర్చి వ్రాయబూనితిని. క్రైస్తవ రాక్ సంగీతమునకు ఆద్యుడని పలువురు చెప్పుకొను ఈ మనుష్యునికిని మన డయోసిస్‌కును ఏమి సంబంధమని చదువరులు అడుగవచ్చును. ఆ సంబంధము ఒక పాత మినిట్సు పుస్తకములో ఉన్నది.

సుమారు నలుబది ఏండ్ల క్రిందట నేను మా పాస్టరేటు కమిటీకి కార్యదర్శిగా ఉంటిని. ఆ యేడు యూత్ సండే నాడు మా యౌవనస్థులు అయిదుగురు ఒక గిటారును, అద్దెకు తెచ్చిన డ్రమ్ములను పెట్టుకొని, తాము స్వయముగా కట్టిన పాటను ఆరాధనలో పాడిరి. చదువుకొని ఉద్యోగము దొరకని కుర్రవాని గోడు ఆ పాటలో ఉండెను. మరుసటి వారము కమిటీ కూడెను. పిల్లలలో ఒకడు, ఇట్టి పాటలు ఇతర దేశముల సంఘములలో పాడుచున్నారని చెప్పుచు, బంధువు ఎవరో పంపిన లారీ నార్మన్ క్యాసెట్టును మా ముందు పెట్టెను. దానిపై భుజముల వరకు జుట్టు పెంచిన మనుష్యుని బొమ్మ చూచి పెద్దలు నవ్విరి. క్యాసెట్టును ఎవరమును వినలేదు. ఇట్టి వాద్యములును పాటలును దేవాలయ మర్యాదకు తగవని తీర్మానము వ్రాసినది ఈ చేయియే.

ఉద్యోగ విరమణ పిమ్మట తీరిక కలిగిన దినములలో, ఆ బొమ్మలోని మనుష్యుడు ఎవరో తెలిసికొంటిని. తెలిసికొన్నది మీ ముందుంచుచున్నాను.

బాల్యము, తొలి బృందము

లారీ నార్మన్ 1947 ఏప్రిల్ 8న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో జన్మించెను. పుట్టిన ఊరి పేరు కార్పస్ క్రిస్టీ. లాటిను భాషలో ఆ మాటకు క్రీస్తు శరీరమని అర్థము. ఆయన పసివాడుగా ఉన్నప్పుడే కుటుంబము కాలిఫోర్నియాలోని శాన్ ఫ్రాన్సిస్కోకు తరలిపోయెను. అయిదేండ్ల ప్రాయముననే ప్రభువును అంగీకరించితినని ఆయన సాక్ష్యమిచ్చుచుండెను. ఆ దినములలో ఎల్విస్ ప్రెస్లీ పాటలు రేడియోలో మారుమ్రోగుచుండెను. తండ్రి అట్టి సంగీతము ఇంట వినరాదని ఆంక్ష పెట్టెను. పిల్లవాడు ఆ లయను విడువలేదు, ప్రభువునూ విడువలేదు. రెండిటిని కలిపి పాటలు కట్టుచు పెరిగెను.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. రాక్ సంగీతము సైతానుని ఇంట పుట్టినదని మనలో అనేకులు నమ్మిరి. నిజమునకు, అమెరికాలోని నల్లజాతి సంఘములలో చేతులు చరచుచు పాడిన సువార్త గీతములనుండియు, వారి దుఃఖగీతములైన బ్లూస్ నుండియు అది చాలభాగము పుట్టినది. సంఘపు గుమ్మము దాటి బయటికి పోయిన లయయే వేరొక వేషముతో తిరిగి వచ్చి తలుపు తట్టెను. తట్టినవానిని లోపలివారు గుర్తుపట్టలేదు.

1966లో లారీ నార్మన్ శాన్ హోసే పట్టణములోని "పీపుల్" అను రాక్ బృందములో చేరి, ప్రధాన గాయకులలో ఒకడుగాను పాటల రచయితగాను పేరు పొందెను. క్యాపిటల్ అను పెద్ద రికార్డు కంపెనీ వారిని చేర్చుకొనెను. ఇంగ్లండుకు చెందిన జాంబీస్ బృందపు పాటనొకదానిని వీరు తిరిగి పాడగా, అది 1968లో అమెరికా దేశపు పాటల పట్టికలో 14వ స్థానమునకు ఎక్కెను. ఇరువది ఒక్క ఏండ్ల యువకునికి అది చిన్న విజయము కాదు. అయినను ఆల్బమ్ వెలువడిన కాలముననే ఆయన బృందమును విడిచెను. యేసును గూర్చిన పేరును ఆల్బమ్‌కు పెట్టనీయలేదని ఒకమారును, తోటివారు కొందరు సైంటాలజీ అను మతములో చేరి తనను ఒత్తిడి చేసిరని మరియొకమారును ఆయన చెప్పెను. తోటివారిలో కొందరు వేరుగా చెప్పిరి. ఈయన జీవితములో ఇట్టి రెండు సాక్ష్యములు పలుమార్లు ఎదురగును.

మూయబడిన రెండు వాకిళ్లు

అదే కంపెనీ 1969లో ఆయన సొంత పాటలతో "అపాన్ దిస్ రాక్" అను ఆల్బమ్‌ను వెలువరించెను. ఈ బండమీద అని ఆ పేరునకు అర్థము. మత్తయి సువార్త 16వ అధ్యాయములో పేతురుతో ప్రభువు పలికిన మాటనుండి తీసికొన్నది. ఇంగ్లీషులో బండకును ఆ సంగీతమునకును ఒకటే మాట గనుక పేరులో చమత్కారము కూడ ఉన్నది. ఇదియే మొదటి క్రైస్తవ రాక్ ఆల్బమ్ అని చరిత్ర వ్రాసినవారు సాధారణముగా చెప్పుదురు.

అది అమ్ముడుపోలేదు. కంపెనీ ఆయనను వదలుకొనెను. మరి సంఘమైనను ఆదరించెనా? జుట్టును, డ్రమ్ములను చూచి అనేక క్రైస్తవ పుస్తకశాలలు ఆయన రికార్డులను అరలలో పెట్టుటకు ఒప్పుకొనలేదు. లోకపు దుకాణములకు తాను మతవాదినైతిననియు, మతపు దుకాణములకు లోకస్థుడనైతిననియు ఆయన వాపోయెను.

ఆయన పాట ఎవరికొరకు? ఆ కాలములో కాలిఫోర్నియా వీధులలో వేలకొలది యౌవనస్థులు ఇల్లు విడిచి తిరుగుచుండిరి. వియత్నాం యుద్ధమువలన పెద్దలమీద నమ్మకము పోయి, మాదక ద్రవ్యములకు బానిసలై యుండిరి. లారీ నార్మన్ హాలీవుడ్ వీధులలో నడచుచు వారితో ప్రభువును గూర్చి మాటలాడెను. దేవాలయములో కాలు పెట్టని వారికి దేవాలయపు భాష తెలియదు. వారికి తెలిసినది రేడియోలోని భాష. ఆ భాషలో ఆయన పాడెను. ప్రభువు రాకడకు సిద్ధపడుమను ఆయన పాటయొకటి ఆ యువజనుల నోట నోట పాకి, తరువాత అనేకులు దానిని తిరిగి పాడిరి. గాయకుడు పాట్ బూన్ ఇచ్చిన అప్పుతో "వన్ వే" అను చిన్న రికార్డు సంస్థను కూడ ఆయన స్థాపించెను.

అదే ప్రాంతములో తలుపు తెరచిన సంఘమొకటి ఉండెనని చెప్పకున్న న్యాయము కాదు. కోస్టా మెసా అను ఊరిలో చక్ స్మిత్ అను కాపరి కల్వరి చాపెల్ అను సంఘమును నడుపుచుండెను. చెప్పులు లేని హిప్పీ పిల్లలు వచ్చి క్రొత్త తివాచీని మురికి చేయుచున్నారని, వట్టి కాళ్లతో రాకూడదని ఎవరో పలక వ్రేలాడదీయగా, ఆ పలకను తీయించి, తివాచీయే అడ్డమైనచో తివాచీనే తీసివేయుదమని ఆయన పెద్దలతో చెప్పినట్లు చెప్పుకొందురు. ఆ పిల్లల పాటలను రికార్డు చేయుటకు 1971లో మారనాతా మ్యూజిక్ అను సంస్థ ఏర్పడెను. నేడు ప్రపంచమంతట పాడు చిన్న ఆరాధన గీతములు ఎన్నో ఆ గుమ్మమునుండి వచ్చినవే. ఒక కాపరి చేసిన నిర్ణయపు ఫలము ఇంత దూరము పోయినది.

వెలుగు దినములు

1971 జూన్ 21వ తేదీ టైమ్ పత్రిక ముఖపత్రముపై యేసు విప్లవమను శీర్షికతో ఈ ఉద్యమమును గూర్చి ప్రచురించెను. మరుసటి యేడు 1972 జూన్‌లో డల్లాస్ నగరమున క్యాంపస్ క్రూసేడ్ వారు ఎక్స్‌ప్లో అను మహాసభను జరిపిరి. దాదాపు 80 వేల మంది ప్రతినిధులు వచ్చిరి. కడపటి దినపు సంగీత కూటమునకు లక్షకు పైగా జనులు కూడిరి. బిల్లీ గ్రాహము ప్రసంగించిన ఆ మహాసభలో జానీ క్యాష్, ఆండ్రే క్రౌచ్ మొదలగువారితోపాటు లారీ నార్మన్ కూడ పాడెను. మూడేండ్ల క్రిందట అరలో చోటు దొరకని పాట ఇప్పుడు మైదానము నిండ వినబడెను.

అదే యేడు ఆయన లండను వెళ్లి, బీటిల్స్ బృందపు పాటలను రూపొందించిన జార్జి మార్టిన్ స్థాపించిన ఎయిర్ స్టూడియోలో "ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్" అను ఆల్బమ్‌ను చేసెను. ఈ లోకములో మనము యాత్రికులమే అను భావము ఆ పేరులోనిది. ఒక పాటలో నల్లజాతివారిపై తన దేశము చేసిన హింసను, బీదలుండగా చంద్రమండలముపై చేసిన ఖర్చును ఆయన నిలదీసెను. మరియొక పాటలో మత్తుమందులను, చెడు నడతవలన వచ్చు రోగములను పేరుపెట్టి చెప్పి, యేసువైపు చూడుమని పిలిచెను. రోగము పేరు వినబడుటచేత పుస్తకశాలలవారు మరల ముఖము చిట్లించిరి. ప్రభువు సమరయ స్త్రీతో ఆమె అయిదుగురు పెనిమిట్ల సంగతి ప్రస్తావించిన తరువాతనే గదా ఆమె ఊరిలోనికి పరుగెత్తినది!

విరోధము అంతటితో ఆగలేదు. 1987లో కూడ జిమ్మీ స్వాగ్గర్ట్ అను ప్రసిద్ధ ప్రసంగీకుడు క్రైస్తవ రాక్ సంగీతము గొఱ్ఱె చర్మము కప్పుకొన్న తోడేలని ఒక పుస్తకమునే ప్రచురించెను. ఈ నడుమ 1979 సెప్టెంబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పిలుపుపై లారీ నార్మన్ వైట్ హౌస్ తోటలో జరిగిన సువార్త గాన సభలో పాడియుండెను. దేశాధ్యక్షుని ముంగిట చోటు దొరికిన గాయకునికి అనేక దేవాలయములలో చోటు దొరకలేదు.

మంటి ఘటము

ఇంతవరకు వ్రాసి ఊరకుండిన యెడల నేను చరిత్ర వ్రాసినట్లు కాదు, పొగడ్త వ్రాసినట్లగును. లారీ నార్మన్ 1970 దశకపు మధ్యలో "సాలిడ్ రాక్" అను రికార్డు సంస్థను పెట్టి, ర్యాండీ స్టోన్‌హిల్, మార్క్ హెర్డ్, డేనియల్ ఏమస్ బృందము మొదలైన వారిని పైకి తెచ్చెను. కాని కొలది ఏండ్లలోనే డబ్బు విషయమునను, ఒప్పందముల విషయమునను తగవులు వచ్చి, 1980 నాటికి ఆ కూటమి చెదరిపోయెను. ఆప్తమిత్రులు మాటలాడుకొనని స్థితి వచ్చెను. ఆయన వివాహములు రెండును విడాకులతో ముగిసెను. 1978లో విమానములో పైకప్పు పలకలు తలపై పడి తనకు దెబ్బ తగిలెనని, ఆ పిమ్మట పని సాగలేదని ఆయన చెప్పుకొనెను. దానినీ అందరు నమ్మలేదు. ఆయన మరణానంతరము 2009లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ చిత్రము ఆయన దోషములను ఎత్తిచూపెను. 2018లో గ్రెగరీ థార్న్‌బరీ ప్రచురించిన జీవిత చరిత్ర ఆయన దాచిన ఉత్తరములను, కాగితములను పరిశీలించి ఎక్కువ సానుభూతితో వ్రాయబడినది. రెండిటిని ప్రక్కప్రక్కన పెట్టుకొనుట మంచిది.

చూచితిరా, ఆనాటి పెద్దలు అనుమానించినది నిజమాయెనని కొందరు అనవచ్చును. నేనును మొదట అట్లే అనుకొని ఊరట పొందితిని. తరువాత ఆలోచింపగా ఆ ఊరట నిలువలేదు. పెద్దలు అనుమానించినది ఆయన జుట్టును, గిటారును. ఆయన తొట్రిల్లినది అహమునందు, డబ్బు లెక్కయందు, స్నేహమునందు. ఇవి పైపు ఆర్గాను వాయించువానికిని, కమిటీ కార్యదర్శికిని కూడ కలుగు శోధనలే. పాటను గుమ్మము బయట నిలిపిన సంఘము పాడువానిని కూడ బయటనే నిలిపినది. లోపల ఉన్నవానిని కాపరి గద్దింపవచ్చును, పెద్దలు సరిదిద్దవచ్చును, విధవరాండ్రు ప్రార్థింపవచ్చును. బయట నిలిచినవానికి చప్పట్లు కొట్టువారు దొరుకుదురు గాని, చెవి పట్టుకొని చెప్పువారు దొరకరు. ఇది నా తలంపు మాత్రమే. ఐశ్వర్యము మంటి ఘటములలో ఉన్నదని అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసినది గాయకులకును పెద్దలకును సమానముగా వర్తించును.

1992లో గుండెపోటు వచ్చిన తరువాత ఆయన ఆరోగ్యము మరల కుదుటపడలేదు. అయినను శక్తి ఉన్నంతవరకు అప్పుడప్పుడు పాడుచునే ఉండెను. 2001లో అమెరికా సువార్త సంగీత గౌరవశాలలో ఆయన పేరు చేర్చబడెను. అదే యేడు అందులో చేర్చబడిన మరియొక పేరు ఎల్విస్ ప్రెస్లీ. తండ్రి ఇంట వినరాదన్న పాటగాడును, చాటుగా ఆ లయ నేర్చిన కుమారుడును సువార్త పేరిట ఒక్క గోడపై నిలిచిరి. 2008 ఫిబ్రవరి 24న ఆరిగన్ రాష్ట్రములోని సేలం పట్టణమున, 60 ఏండ్ల వయస్సున, లారీ నార్మన్ ప్రభువునందు నిద్రించెను. 2014 ఏప్రిల్‌లో, అమెరికా జాతీయ గ్రంథాలయము శాశ్వతముగా భద్రపరచదగిన ధ్వనిముద్రికల పట్టికలో 1972 నాటి ఆయన లండను ఆల్బమ్‌ను ప్రకటించెను. క్రైస్తవ రాక్ ఆల్బమ్ ఒకటి ఆ పట్టికలో చేరుట అదే మొదటిసారి.

మన కీర్తనల మాట

ఇది దూరదేశపు కథయని మనము తప్పించుకొనలేము. మన చేతిలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. ప్రతి కీర్తన పైన రాగము, తాళము పేర్లు అచ్చు వేయబడియున్నవి. ఆ రాగములు సంఘముకొరకు పుట్టినవి కావు. రాజసభలలోను, గుళ్లలోను, మేళములలోను పాడబడినవి. పురుషోత్తమ చౌధురిగారు (1803–1890) వాటిని తీసికొని సువార్తను పలికించిరి గనుకనే మన అవ్వలు చదువు రాకున్నను వేదాంతమును కంఠస్థము చేసిరి. దొరల బాణీలే పరిశుద్ధమైనవని ఆయన ఊరకుండినయెడల మన నోట నేడు ఏ పాట ఉండెడిది?

హార్మోనియము సంగతియు చూడుడి. మా కమిటీ ఆనాడు గిటారు విదేశీ వాద్యమనియు, హార్మోనియము మన సంప్రదాయమనియు తీర్మానములో వ్రాసినది. హార్మోనియము 19వ శతాబ్దములో యూరపులో పుట్టినది. భారతీయ సంగీతమునకు తగదని ఆకాశవాణి దానిని 1940 నుండి 1971 వరకు నిషేధించినది. నిషేధము ఎత్తివేసి పదునైదేండ్లైనను గడవకముందే, ఆ వాద్యమునే పాత మర్యాదగా పట్టుకొని మరియొక వాద్యమును మేము నిషేధించితిమి!

అన్ని పాటలును మంచివని నేను చెప్పుటలేదు. మాటలు వాక్యమునకు సరిపోవుచున్నవా, వినువాని హృదయమునకు చేరుచున్నవా, పాడువాడు తనను చూపించుకొనుచున్నాడా ప్రభువునా అని పరీక్షింపవలసినదే. అట్టి పరీక్షకు మొదట పాట వినవలెను. మేము వినలేదు.

ముగింపు

నేడు మా దేవాలయములో ఎలక్ట్రిక్ గిటారు, కీబోర్డు, డ్రమ్ములు అన్నియు ఉన్నవి. కమిటీ నిధులతోనే కొన్నవి. ఆనాటి తీర్మానమును రద్దుచేయుచు మరియొక తీర్మానము ఏనాడును చేయలేదు. చేయవలెనని ఎవరికిని తోచలేదు. ఆ అయిదుగురిలో ఇద్దరు సంఘములోనే ఉండి నమ్మకముగా సేవ చేయుచున్నారు. ఒకడు వేరొక సంఘములో చేరెను. ఒకడు సినిమా పాటల ఆర్కెస్ట్రాలో కుదిరి చాలకాలము గుడి ముఖము చూడలేదు. క్యాసెట్టు తెచ్చిన కుర్రవాడు గల్ఫునకు పోయెను. వాని తల్లి సమాధి కార్యక్రమమునకు వచ్చినప్పుడు నేను దగ్గరకు పోయి ఆ దినపు సంగతి ఎత్తి క్షమింపుమని అడిగితిని. "పోనీయండి అయ్యగారూ, ఎప్పటి మాటో" అని నా చేయి పట్టుకొనెను. ఆ పాట ఏదని అడిగితిని. తనకును మాటలు జ్ఞాపకము లేవని చెప్పెను.

సంచిక కొరకు మినిట్సు పుస్తకము మరల తీసి చూచితిని. పాటను కాదన్న మాటలన్నియు నా చేవ్రాతలో చెక్కుచెదరక ఉన్నవి. పాట మాత్రము లేదు. అందులోని ఒక్క చరణమైనను ఎవరును వ్రాసి పెట్టలేదు. అమెరికావారు తాము త్రోసివేసిన పాటను 42 ఏండ్ల తరువాతనైనను భద్రపరచుకొనిరి. మేము భద్రపరచుటకు ఏమియు మిగుల్చుకొనలేదు.

కాబట్టి రెండవ శతాబ్దములో అడుగుపెట్టుచున్న మన డయోసిస్‌కు నా మనవి ఒక్కటి. ప్రతి పాస్టరేటులోను ఒక పాటల పుస్తకము పెట్టించుడి. మన బిడ్డలు స్వయముగా కట్టిన ప్రతి పాటను, మనకు నచ్చినను నచ్చకున్నను, పేరుతోను తేదీతోను అందులో వ్రాయించుడి. ఏ పాట నిలుచునో ఏది రాలిపోవునో కాలము తేల్చును. కమిటీలు కూడినప్పుడు, తీర్మానము వ్రాయుటకు ముందు పాటను ఒకసారి ఆసాంతము వినుడి.

ఇల్లు కట్టువారు కాదన్న రాతిని మూలకు తలరాయిగా నిలిపిన ప్రభువు, రాబోవు నూరేండ్లలో మన సంఘములకు వినగల చెవిని అనుగ్రహించును గాక. ఆమేన్.